ముందు సగం ఉందా

పుస్తకాన్ని కత్తితో కోసేవాడు నా కొట్లో మళ్ళీ అడుగు పెట్టకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పాను. ఆ మాట మీద ఒక్క పూట కూడా నిలబడలేకపోయాను.

అది జనవరి. అమెరికా ఉత్తరాన మా పెద్ద సరస్సు మీద ఇనుప ఖనిజం మోసే ఓడలన్నీ డులూత్ రేవు చేరి మంచులో బిగుసుకుపోయి ఉన్నాయి. ఓడలు ఆగితే నావికులు ఇళ్ళకు పోతారు. పోయేముందు ఏడాది పొడుగునా చదివిన పుస్తకాలు గోతాల్లో మోసుకొచ్చి నాకు అమ్ముతారు. పాత పుస్తకాల కొట్టువాడికి అది కోతల కాలం. ఆ రోజు వచ్చిన మనిషి గోతాన్ని నా బల్ల మీద బోర్లించాడు. పడ్డవన్నీ సగం పుస్తకాలే. కొన్నిటికి ముందు సగం లేదు, కొన్నిటికి వెనక సగం లేదు.

“ఎవడండీ ఈ కసాయి పని చేసింది?” అన్నాను.

“నేనే. వంటగది కత్తితో,” అన్నాడు. యాభై దాటినవాడు. గడ్డం నెరిసింది, మెడ మాత్రం గాలికి కాలి ఎర్రగా ఉంది.

“సిగ్గు లేకుండా చెబుతున్నారే!”

“సిగ్గెందుకండీ? ఓడలో అల్మరా నిండా పుస్తకాలుంటాయి, చదవదగ్గది ఒక్కటుంటుంది. అది నా చేతిలో ఉంటే మిగతావాళ్ళంతా నా మొహం చూస్తూ కూర్చోవాలి. అందుకని ముందు సగం అవ్వగానే కోసి పక్కవాడికిచ్చేస్తాం. వాడు అది చదువుతుంటాడు, నేను రెండో సగం చదువుతుంటాను. ఇద్దరికీ కడుపు నిండుతుంది.”

“మరి పుస్తకం గతేంటి?”

“రెండు సగాలూ అందరి చేతులూ తిరిగొచ్చాక, కలిపి తాడు కట్టి ఒడ్డుకు పంపేస్తాం. తాడు పడిందంటే దాని పని అయిపోయినట్టే. ఇంకెవడూ దానికోసం ఎదురుచూడడు.”

“అయితే ఆ తాడు కట్టినవి తెచ్చుంటే కొనేవాణ్ణిగా. ఈ తలా తోకా లేనివి నేనేం చేసుకోను? తీసుకుపొండి. మళ్ళీ రాకండి.”

పైనుంచి మెట్ల మీద కర్ర చప్పుడైంది. మా అత్తగారు హిల్యా దిగి వస్తోంది. ఆ భవనం ఆవిడది. కింద నా కొట్టు, పైన మా ఇద్దరి కాపురం. ఆవిడ కూతురు ఐలి నా భార్య. ఐలి పోయి చాలా ఏళ్ళయినా, నన్ను పొమ్మని ఆవిడా అనలేదు, పోతానని నేనూ అనలేదు.

“ఎవర్నయ్యా ఆ తిట్టడం? బయట ఉమ్మేస్తే గడ్డకట్టే చలి. కాఫీ ఇచ్చి తిట్టు,” అంది.

“ఈయన పుస్తకాలు కోస్తాడట అత్తయ్యా.”

“కోస్తే కోశాడు. కోడిని కొయ్యలేదుగా, అయ్యో అనడానికి. ఏం నాయనా, ఇంటికి పోలేదే?”

“నేను ఓడ కాపలానండీ. హెన్రియెటా అని, చివరి రేవులో ఉంది. చలికాలమంతా అందులోనే. ఇల్లంటూ ఉంటే కదండీ, పోవడానికి,” అన్నాడతను. పేరు క్లెమ్ అని చెప్పాడు. ఆవిడ పోసిన కాఫీ తాగి, ఆవిడ యాలకుల రొట్టె రెండు ముక్కలు తిని, మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఈసారి గోతంలో తాడు కట్టినవి ఉన్నాయి.

రావద్దన్నాను కదా అని అడిగితే, “మీరు తిట్టినంత బాగా ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదండీ. ఓడలో ఎలకలు తప్ప ఎవరూ లేరు,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు కనబడకూడదని జిగురు డబ్బా అందుకున్నాను. కాపలావాడికి పొద్దున్నే పని. ఓడ అడుగున నీళ్ళు తోడాలి, పైపులు పగలకుండా చూసుకోవాలి. మధ్యాహ్నానికి ఖాళీ. ఆ ఖాళీ అంతా నా కొట్లో, పొయ్యి పక్కనున్న కుర్చీలో గడపడం మొదలైంది. మొదట్లో చదువుకునేవాడు. తర్వాత నా చేతుల వంక చూస్తూ కూర్చునేవాడు.

“ఇదెలా అతికిస్తారు? నేర్పకూడదా?” అన్నాడు ఒకరోజు.

నేర్పాను. పుస్తకం వీపు మీది పాత జిగురు గీకడం, పిండి జిగురు పూయడం, పలచటి కాగితం పరచి ఎముక బద్దతో నున్నగా రుద్దడం, పలకల మధ్య పెట్టి మర బిగించడం. అతనివి మోకులు లాగిన చేతులు. కాగితం ఆ వేళ్ళకి అంటుకుపోయేది. “ఇదేంటండీ, మీగడలా ఉంది,” అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే ఇంకొకటి అడిగేవాడు.

అమ్మే పుస్తకానికి జిగురు చాలు. సూదీ దారంతో మడత మడతా కుట్టి, గుడ్డ వీపు వెయ్యడం వేరే పని. అది ఎవరికీ నేర్పలేదు. అతను గోడకున్న సూదుల పెట్టె చూసి అడిగితే, చెప్పాల్సి వచ్చింది.

“కుట్టినవి అమ్మను. కుట్టానంటే అది నాది. పైకి పోతుంది, మా ఇంట్లో ఉంటుంది. చచ్చేదాకా బయటికి పోదు.”

“చాలా ఉన్నాయా అలాంటివి?”

“లేవు. ఒక వరసకి కూడా సరిపోవు.”

“పోనీ కుట్టడం కూడా నేర్పండి,” అన్నాడు.

“ఏం, ఓడలో కోసినవన్నీ కుట్టి పెడతారా?”

“ఏదో ఒకటి కుడతాను. ఎప్పుడైనా.”

నేర్పాను. వంకర కుట్లు వేసేవాడు, విప్పించేవాణ్ణి. వేలికి సూది గుచ్చుకుంటే పోలిష్ భాషలో తిట్టేవాడు. ఆ తిట్లకి అర్థం అడిగితే, “మీ అత్తగారు వినేలా చెప్పమంటారా?” అనేవాడు. ఆ నెలలో నేను పని తక్కువ చేశాను, సంతోషంగా ఎక్కువ ఉన్నాను. నా వయసువాడికి ఆ రెండూ ఒకేసారి జరిగితే భయపడాలి. నేను భయపడలేదు.

ఫిబ్రవరిలో అత్తయ్య అతన్ని శనివారం భోజనానికి పిలిచింది. శనివారం అంటే మా ఇంట్లో ఆవిరి స్నానం కూడా. మామగారు బతికుండగా నేలమాళిగలో కట్టించిన చెక్కగది అది. అందులో రాళ్ళు వేడెక్కకుండా శనివారం గడిచిందంటే ఇంట్లో ఎవరో చచ్చారని లెక్క అంటుంది ఆవిడ. వచ్చిన చుట్టాన్ని ఇంటి మగవాడు ముందు ఆవిరి గదికి తీసుకెళ్ళాలి, తర్వాతే కంచం. ఫిన్లాండు వాళ్ళ పద్ధతి. నేను స్వీడన్ వాళ్ళ అబ్బాయినైనా అల్లుడైనప్పటినుంచీ ఆ పద్ధతిలోనే ఉన్నాను.

చీకట్లో, పై బల్ల మీద, ఒంటి మీద బట్ట లేకుండా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. రాళ్ళ మీద నీళ్ళు పోశాను. అతను ఊపిరాడక దగ్గి, “చంపేస్తావా ఏంటి?” అన్నాడు.

“కింద బల్ల మీద కూర్చో. అది పిల్లలకి.”

“ఇక్కడే చస్తాను.”

బర్చ్ చెట్టు కొమ్మల కట్టతో వీపు కొట్టుకోవడం కూడా పద్ధతిలో భాగమే. నేను అతని వీపు కొట్టాను. భుజం కింద పెద్ద మచ్చ ఉంది, ఏదో తీగ తెగి తగిలిందట. తర్వాత కట్ట అతను తీసుకున్నాడు. ఆకులు మెత్తగా రెండుమూడు సార్లు పడ్డాయి. తర్వాత ఆకులు కాదు, అతని అరచెయ్యి నా వీపు మీద ఆగింది. రాళ్ళ మీద నీళ్ళు ఆవిరైపోయేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

ఆ మనిషి నాకు కావాలనిపించింది. ఐలితో నేను సుఖంగానే బతికాను, అబద్ధం చెప్పను. కానీ వీపు మీది చెయ్యి తీసేస్తారేమోనని అంత భయం నాకెప్పుడూ కలగలేదు.

పైకి వచ్చాక అత్తయ్య పాలు పోసిన చేప సూపు వడ్డించింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, “బాగా ఉడికారు,” అంది. భోజనమయ్యాక పేకాటలో అతన్ని మోసం చేసి గెలిచింది. అతను కనిపెట్టి కూడా ఊరుకున్నాడు. ఆవిడ ఊరుకున్నవాళ్ళనే ఇష్టపడుతుంది.

ఆ వారంలోనే, చనిపోయిన ఒక టీచరు ఇంటినుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో అట్ట ఊడిపోయిన లావుపాటి నవల ఒకటి. పేరున్న పేజీ కూడా లేదు. అన్నదమ్ములిద్దరు బీడు భూముల్లో విడిపోతారు, పెద్దవాడు చిన్నవాణ్ణి వెతుక్కుంటూ పోతాడు. క్లెమ్ అది పట్టుకుని రెండు మధ్యాహ్నాలు తల ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది.

“కొట్టు నాది, పుస్తకం నాది. నేనెప్పుడు చదవాలి?”

“సగం అయింది.” జేబులోంచి కత్తి తీశాడు. “కొయ్యనా?”

“నా కొట్లోనా!”

“ఎదురుచూస్తావా మరి? నేను మెల్లగా చదువుతాను.”

నేను చుట్టూ చూశాను. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క పేజీ మడత పెట్టినవాణ్ణి కూడా క్షమించని మనిషిని. “త్వరగా కొయ్యి, ఎవరన్నా వస్తారు,” అన్నాను. అతను పగలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. దొంగతనం చేసినవాళ్ళలా ఇద్దరం నవ్వుతుంటే పుస్తకం రెండు ముక్కలైంది. ముందు సగం నాకిచ్చి, రెండో సగం కోటు లోపల పెట్టుకుని ఓడకి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి నేను వెనక, అతను ముందు. “తమ్ముడు గుర్రం అమ్ముకున్న చోటికొచ్చావా?” అని అడిగేవాడు. “రాలేదు, నోరు ముయ్యి,” అనేవాణ్ణి. నా సగం అయిపోయింది. రెండో సగం ఇమ్మంటే, “ఇంకా అవలేదు,” అనేవాడు. అతను అంత నెమ్మదిగా చదవడని నాకు తెలుసు. ఇచ్చేస్తే ఇద్దరి మధ్యా ఏమీ మిగలదని అతనికి బెంగ అనుకుంటాను. నాకూ అదే బెంగ, అందుకే గట్టిగా అడగలేదు.

ఊరు కళ్ళు మూసుకుని కూర్చోదు కదా. పక్క వీధి ఇనుప సామాన్ల కొట్టు నార్క్విస్ట్ ఒక మధ్యాహ్నం వచ్చాడు. చర్చిలో నా వెనక వరస అతనిది. క్లెమ్ పొయ్యి దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

“ఏం ఆర్విడ్, ఓడవాణ్ణి పెంచుకుంటున్నావంటగా! కుట్లూ అల్లికలూ నేర్పిస్తున్నావు. పెళ్ళెప్పుడు?” అన్నాడు నార్క్విస్ట్ పెద్దగా నవ్వుతూ.

నేనూ నవ్వాను. “తిండి దండగ. మంచు కరిగితే పీడా పోతుంది,” అన్నాను.

క్లెమ్ తల ఎత్తలేదు. దారం సూదిలోకి ఎక్కింది. ముడి వేసి, కుట్టు మొదలుపెట్టాడు. నార్క్విస్ట్ పోయాక నేను కాఫీ తెచ్చి పక్కన పెట్టాను. “ఊరికే అన్నాను,” అన్నాను.

“తెలుసు,” అన్నాడు. కాఫీ తాగాడు. మర్నాడు కూడా వచ్చాడు. కానీ ఆ రోజునుంచి గుమ్మంలో ఎవరైనా కనిపిస్తే, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకునేవాడు.

మార్చి వచ్చింది. దిగువన, ఓడల్ని మా సరస్సులోంచి కిందికి దించే కాలువ తలుపులు నెలాఖరుకి తెరుస్తారని కబురు. నావికులు ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. ఓడల మీద పొగ కనిపిస్తోంది. నాకు అన్నం సహించడం మానేసింది.

ఒక ఉదయం అత్తయ్య రొట్టె కోస్తూ, నా వంక చూడకుండా అంది. “కొట్టు వెనక గది ఖాళీగానే ఉంది కదా. సరుకు పెట్టుకుంటున్నావు, సరుకు నేలమాళిగలో పెట్టుకోవచ్చు. ఓడవాడికి అద్దెకిచ్చామంటే ఎవడడుగుతాడు? ఈ వీధిలో సగం ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళే.”

“అత్తయ్యా...”

“నేనేం అనలేదు. గది అన్నాను. మా ఐలి నిన్ను బాగానే చూసుకుంది, నువ్వూ దాన్ని బాగా చూసుకున్నావు. అది అయిపోయింది. నేనింక ఎన్నాళ్ళుంటాను? తర్వాత ఈ మెట్ల మీద నీ అడుగుల చప్పుడు నువ్వే వినాలి. ఆలస్యం అమృతం విషం అంటారు. అడుగు.”

అడగాలనే అనుకున్నాను. పొద్దుటినుంచీ మాటలు కూర్చుకున్నాను. మధ్యాహ్నం క్లెమ్ వచ్చి, కోటు విప్పకుండా నిలబడ్డాడు.

“కెప్టెన్ వచ్చాడు. ఈ ఏడు ఎక్కుతావా లేదా తేల్చమంటున్నాడు. ఒడ్డున మరమ్మతుల పని కూడా ఉందట, ఏడాది పొడుగునా,” అన్నాడు.

“మంచి పనే.”

“మీ అత్తగారు ఏదో గది ఉందన్నారు. నువ్వేమంటావు?”

వీధిలో ఎవరో మంచు తవ్వుతున్న చప్పుడు. అద్దంలోంచి చూస్తే నార్క్విస్ట్ కొట్టు బోర్డు కనిపిస్తోంది. 

“ఆ గది చలిగా ఉంటుంది,” అన్నాను.

“చలి నాకలవాటే,” అన్నాడు. నేను పుస్తకాలు సర్దుతూ ఉండిపోయాను. అతను వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఓడ సిద్ధం చేసే పని ఉంటుందిలే అనుకున్నాను. ఆ తర్వాతి రోజు పక్క ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు పోతే, ఇంటి పుస్తకాలు చూసి ధర కట్టడానికి వెళ్ళాల్సొచ్చింది. ఉండిపోవాలని మనసు పీకింది. అయినా వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి అత్తయ్య కొట్లో నా కుర్చీలో కూర్చుని ఉంది.

“వచ్చాడు. నువ్వు వచ్చేదాకా ఉండమన్నా ఉండలేదు. నీకిది ఇమ్మన్నాడు. ఓడ రేపు పొద్దున్నే,” అంది.

అది ఆ నవల. రెండు సగాలూ కలిసి ఉన్నాయి. నా సగం పొయ్యి పక్కనుండేది, అతను ఎప్పుడో పట్టుకుపోయినట్టున్నాడు, నేను గమనించనే లేదు. ఓడ కాన్వాసు గుడ్డ కత్తిరించి వీపు వేశాడు. లోపల కుట్లు కొన్ని వంకర, కొన్ని నేను నేర్పినట్టే ఉన్నాయి. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.

“ఇంకేమన్నా అన్నాడా?”

“ఏమీ అనలేదు. చేతికిస్తే చాలు, ఆర్విడ్‌కి తెలుస్తుంది అన్నాడు.”

తెలిసింది అనుకున్నాను. మొదటి రోజు అతను చెప్పిన మాటే చెవిలో మోగింది. రెండు సగాలూ కలిపి కట్టామంటే దాని పని అయిపోయినట్టే, ఇంకెవడూ దానికోసం ఎదురుచూడడు. ఎంత మర్యాదగా చెప్పాడు అనుకున్నాను. నేను గది చలిగా ఉంటుందన్నాను, అతను పుస్తకం కలిపి పంపేశాడు. న్యాయంగానే ఉంది.

“ఇంకోటి చెప్పడం మరిచాను. ఆ గదిలో హీటరు పెట్టించాను. నార్క్విస్ట్ గాడే వచ్చి బిగించి పోయాడు. క్లెమ్‌కి చూపించాను కూడా. చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉందన్నాడు,” అంది అత్తయ్య.

వెళ్ళి చూశాను. పరుపు వేసి ఉంది. ఐలి కుట్టిన బొంత దాని మీద పరిచి ఉంది. నేను దీపం ఆర్పి తలుపు వేశాను.

మర్నాడు ఊరంతా మా రేవు ముందున్న కాలువ దగ్గరికి పోయింది. చలికాలం తర్వాత మొదటి ఓడ వెళ్తుంటే చూడటం మా ఊళ్ళో పండగలాంటిది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని పోతారు. అత్తయ్య కోటు వేసుకుని, కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“రావా?”

“చెప్పాల్సింది అతను చెప్పేశాడు. మళ్ళీ వెళ్ళి చెప్పించుకోవాలా?”

“ఏం చెప్పాడు? నాతో ఏమీ అనలేదే?”

“మీకు తెలీదులెండి.”

ఆవిడ కోటు విప్పేసింది. ఓడ కూత వినిపించింది. ఓడ కోసం పైకి లేచే వంతెన దానికి జవాబుగా కూసింది. ఓడ మళ్ళీ కూసింది, ఈసారి మామూలు కంటే ఎక్కువసేపు కూసినట్టనిపించింది. నేను ముందురోజు తెచ్చిన డాక్టరు పుస్తకాల మీద దుమ్ము తుడుస్తూ ఉన్నాను.

మే నెలలో హెన్రియెటా ఖనిజం కోసం మళ్ళీ రేవుకొచ్చింది. దాని వంటవాడు దువాల్ పుస్తకాలకోసం కొట్టుకొచ్చాడు. నేను ఏమీ అడగకూడదనుకున్నాను. అతనే పొయ్యి పక్క కుర్చీ చూసి, “ఇక్కడేనా క్లెమ్ కూర్చునేది?” అన్నాడు.

“బాగున్నాడా?”

“ఏమో. కింది రేవులో దిగిపోయాడు. సముద్రం ఓడేదో ఎక్కాడట. ఏ ఓడో, ఏ దేశమో తెలీదు.” దువాల్ నా వంక అదోలా చూశాడు. “ఈ ఏడు ఎక్కనని మా అందరికీ చెప్పాడండీ. ఒడ్డున చోటు దొరికింది అన్నాడు. సంచీ సర్దుకుని, ఓడ బయల్దేరే పొద్దున్న నిచ్చెన పక్కన ఒడ్డున నిలబడ్డాడు. నిచ్చెన ఎత్తే టైమైంది. ఎవరొస్తారయ్యా అంటే, పుస్తకాల కొట్టతను అన్నాడు. పోనీ వెళ్ళి అడగరాదా అన్నాను. ‘అడగాల్సింది అడిగేశాను. కుట్టి ఇచ్చాను. కుట్టింది బయటికి పంపనని వాడే చెప్పాడు. ఉంచుకోవాలనుకుంటే వస్తాడు, లేకపోతే లేదు’ అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. కెప్టెన్ ఇంకోసారి కూత కూడా వేయించాడు. తర్వాత క్లెమ్ సంచీ తీసుకుని పైకొచ్చేశాడు.”

అతను నా పద్ధతిలో మాట్లాడాడు. నేను అతని పద్ధతిలో విన్నాను. చలికాలమంతా ఇద్దరం కూర్చుని నేర్చుకున్నది అదే.

దువాల్‌ని ఉండమని చెప్పి పైకి వెళ్ళాను. ఆ పుస్తకం పై అరలో, కుట్టినవాటి పక్కన పెట్టలేదు. వచ్చిన రోజే గోడవైపు తిప్పి, బట్టల బీరువా మీద పెట్టేశాను. నేను చదవని సగం ఇంకా చదవలేదు. దాన్ని కిందికి తెచ్చాను. రొట్టె కోసే కత్తి తీసుకుని, అతను కలిపిన చోటే మళ్ళీ కోశాను. కాన్వాసు గట్టిగా ఉంది, వెంటనే తెగలేదు. అత్తయ్య వచ్చి రెండో కొస పట్టుకుంది. ఎందుకు కోస్తున్నావని అడగలేదు.

కాన్వాసు వీపు రెండో సగానికే ఉండిపోయింది. అది దువాల్ చేతిలో పెట్టాను.

“ఇది ఓడలవాళ్ళకిచ్చెయ్యండి. చదివి ఇంకొకరికిమ్మనండి. సముద్రం ఓడలవాళ్ళు కనిపిస్తే వాళ్ళకీ ఇమ్మనండి. ముందు సగం డులూత్‌లో ఉందని చెప్పమనండి.”

“ఎవరి దగ్గర అని చెప్పాలి?”

“ఎదురుచూస్తున్నవాడి దగ్గర అని చెప్పండి.”

దువాల్ మంచివాడు. అలాగే అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని నాకు తెలుసు. అయినా ఆకులు పట్టుకున్నాను.

మరుసటి చలికాలం హెన్రియెటా మా రేవుకు రాలేదు. ఉక్కు ధర పడిపోయి, దాన్ని తుక్కుకి అమ్మేశారన్నారు. అత్తయ్యకి మోకాళ్ళు పట్టేసి, మెట్లెక్కలేక వెనక గదిలోకి మారింది. పోయేదాకా అందులోనే ఉంది. నేను కాఫీ పట్టుకెళ్ళిన ప్రతిసారీ హీటరు మీద చెయ్యి పెట్టి, “వెచ్చగానే ఉందయ్యా ఈ గది,” అనేది. అది నన్ను దెప్పడం. ఆవిడకి ఆ హక్కుంది.

చాలా ఏళ్ళ తర్వాత, నా కళ్ళు మందగించాక, ఒక మార్చి మధ్యాహ్నం ఓడ వంటమనిషి ఒకావిడ కొట్టుకొచ్చింది. పేరు థెల్మా అంది. సంచీలోంచి కాన్వాసు వీపున్న సగం పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

“దీని ముందు సగం ఉందాండీ? ఈ ఊళ్ళో ఎవరి దగ్గరో ఉందని ఓడల్లో చెప్పుకుంటారు. పాత పుస్తకాల కొట్టు కదా అని అడుగుతున్నా.”

నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అంచులన్నీ నలిగిపోయి, గుండ్రంగా అరిగిపోయాయి. కాఫీ మరకలు, నూనె వేళ్ళు. కుట్లు మాత్రం నిలబడ్డాయి, వంకరవి కూడా.

“ఎవరిచ్చారు?”

“మా ఓడ అల్మరాలో ఉంది. అంతకుముందు ఇంకో ఓడలో ఉండేదట. ఎవరెవరు చదివారో ఎవరికి తెలుసండీ?”

ఆ వేళ్ళ మరకల్లో అతనిది ఉందో లేదో, ఉంటే ముందు సగం ఎక్కడుందో విని కూడా రాలేదో, నాకెవరూ చెప్పలేరు. బల్ల కింద అరలోంచి ముందు సగం తీశాను.

“ఇది అమ్మను. కావాలంటే ఇక్కడే కూర్చుని చదువుకోండి.”

ఆవిడ పొయ్యి పక్క కుర్చీలో కూర్చుంది. కాఫీ ఇచ్చాను. మర్నాడు కూడా వచ్చి చదివింది. ఆ మర్నాడు ముగించి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“తమ్ముడు దొరికాడా?” అని అడిగాను.

“మీరు చదవలేదా! చెప్పేస్తే ఏం బాగుంటుందండీ? రెండూ మీ దగ్గరే ఉన్నాయిగా, చదువుకోండి.” రెండు సగాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సరిచేసి, జేబులోంచి తాడు ముక్క తీసింది.

“వద్దు,” అన్నాను.

ఆవిడ వినిపించుకోలేదు. ఓడవాళ్ళ ముడి ఒక్క క్షణంలో పడుతుంది. “మా పద్ధతండీ,” అంది. “ఇంక దీనికోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేదు.”